వాకిట్లో గట్టు

ముప్పై ఒక్క శీతాకాలాలు
థండర్ బే వీధుల్లో పద్నాలుగో నంబరు గ్రేడరు నడిపాను.
రాత్రి రెండింటికి డిపోలో కాఫీ,
రెండున్నరకి కొండవాలు వీధులు,
ఐదయ్యేసరికి ఊరికి దారి.

దారి ఇచ్చాననే నేననుకున్నాను.
ఇళ్లవాళ్లు లెక్క వేరేగా రాసుకున్నారు:
రోడ్డు మీది మంచు మొత్తం బ్లేడు అంచున జారి
ప్రతి వాకిలికీ అడ్డంగా మోకాలెత్తు గట్టు.
మెత్తటి మంచు కాదది,
చక్రాల కింద నలిగి, ఉప్పు తాగి, మళ్లీ బిగుసుకున్న
సిమెంటు లాంటి సరుకు.
పార దిగదు. తిట్టు మాత్రం దిగుతుంది.

కిటికీలో లైటు వెలిగేది,
నైటుగౌను చేతుల్లోంచి ఒక పిడికిలి ఊగేది.
ఇంజను మోతలో నాకేం వినపడదు కనుక
పలకరింపే అనుకుని
నేనూ చెయ్యి ఊపేవాణ్ణి.

పోయిన ఏప్రిల్లో తాళంచెవి అప్పగించాను.
మొదటి మంచు పడ్డ రాత్రి రెండింటికే మెలకువ.
మా ఆవిడ ఐలి కళ్లు తెరవకుండానే అంది:
"ఏదైనా క్లబ్బులో చేరు తౌనో, నన్ను పడుకోనియ్యి."

మా సేవా క్లబ్బు చర్చి నేలమాళిగలో కూడుతుంది,
మంగళవారం ఏడింటికి.
ముందు గంట కొడతారు, ఎందుకో ఎవరికీ తెలీదు.
తర్వాత డార్లీన్ మిషో పద్దులు చదువుతుంది:
పాన్‌కేకుల పొద్దున మిగిలింది నాలుగువందల పన్నెండు డాలర్లు,
పగిలిన పింగాణీ జగ్గు ఒకటి.
ఆ డబ్బుతో మలుపుల దగ్గర ఇసుక పెట్టెలు పెట్టాలా,
స్కేటింగు రింకుకి బల్లలు వెయ్యాలా అని
రెండు వారాలు వాదించుకున్నారు.
నేను లేచి ఒకటే ముక్క చెప్పాను:
మైనస్ ఇరవై దాటితే ఉప్పు చచ్చిపోతుంది,
అప్పుడిక ఇసుకే దిక్కు.
పసుపు పెట్టెలు ఆరు వచ్చాయి.
ఒకదాంట్లో ఎవరో బీరు సీసాలు దాస్తున్నారు, అది వేరే సంగతి.

డెబ్బై దాటినవాళ్ల వాకిళ్లు తలా కొన్ని పంచారు.
నా చీటీలో మూడు చిరునామాలు.
మూడోది స్టెఫానియా హ్రిహోరెంకో.
డిపోలో ఆ పేరు తెలియనివాడు లేడు:
పద్నాలుగో నంబరు మీద పదిహేడు ఫిర్యాదులు,
అన్నీ చేత్తో రాసినవే, ముత్యాల్లాంటి దస్తూరీ.

గట్టు ముందు నిలబడ్డాను.
ఇంతకాలం పైనుంచి చూసినదాన్ని
నేలమీంచి చూడటం అదే మొదలు.
ఎంతెత్తు ఉందో!
మొదటి పోటుకి మోచెయ్యి దాకా ఝల్లుమంది.
రెండో పోటుకి నోట్లోంచి ఫిన్నిష్‌లో బూతొకటి బయల్దేరింది,
ఎవర్ని తిడుతున్నానో గుర్తొచ్చి
సగంలో మింగేశాను.

నలభై నిమిషాలు.
మీసం మీద ఊపిరి పలుకులు కట్టింది.
ఆవిడ శాలువా కప్పుకుని తలుపు తీసి
బంగాళదుంప కుడుములు గిన్నెలో పెట్టిచ్చింది,
గిన్నె వెనక్కి తెమ్మని రెండుసార్లు చెప్పింది.

"ఈ కొత్త డ్రైవరు మనిషి కాదయ్యా,
నా పోస్టుడబ్బాని రెండుమార్లు పడగొట్టాడు.
ఆ పాతవాడూ దుర్మార్గుడే, గట్టు వేసేవాడు, కాదనను.
కానీ డబ్బా దగ్గరికొచ్చేసరికి బ్లేడు ఎత్తేవాడు.
నేనిక్కణ్ణుంచి నానా తిట్లూ తిడుతుంటే
చెయ్యి ఊపేవాడు, వెర్రిబాగులవాడు."

టోపీ కాస్త కిందికి లాక్కున్నాను.
"పోయాడంటావా?" అంది.
"లేదనుకుంటాను," అన్నాను,
"ఎక్కడో పార పట్టుకుని ఉండుంటాడు."
గిన్నె అడుగు ఇంకా వెచ్చగా ఉంది.

అప్పుడే వీధి చివర కొత్త కుర్రాడు మలుపు తిరిగాడు,
ఇళ్ల గోడల మీద నీలం లైటు గిర్రున తిరుగుతూ.
రెండో విడత. నేను తవ్విన వైపే.
గిన్నె మెట్టు మీద పెట్టి, పార పైకెత్తి
ఎత్తరా బ్లేడు, ఎత్తు, ఎత్తు అని
గొంతు చీరుకుపోయేలా అరిచాను.

వాడు అద్దంలోంచి నన్ను చూసి
ఎంతో మర్యాదగా
చెయ్యి ఊపాడు.